కొట్టంలో నిలిపిన బండికి బ్యాటరీ ఎందుకు దిగుతుంది?

పలమనేరు: కార్తీకం వెళ్లి, శెనక్కాయలు ఇల్లు చేరి, వామి వేయడం కూడా ముగిశాక చిత్తూరు పడమటి మండలాల్లో చాలా ట్రాక్టర్లు కొట్టం చేరుతాయి. మళ్లీ వాటితో పనిపడేది సంక్రాంతి ముందో, ఆ తర్వాతనో. అప్పుడు తాళంచెవి తిప్పితే 'టక్' మన్న చప్పుడు తప్ప ఇంజను కదలదు. నలుగురు మనుషులు వెనకనుంచి తోయాలి, లేదా పక్కింటి ట్రాక్టరుకు తాడు కట్టి లాగించాలి. మెకానిక్కును పిలిస్తే 'బ్యాటరీ పోయింది, కొత్తది వేయాల' అంటాడు. రైతు వేల రూపాయలు పోసి కొత్తది తెస్తాడు. మరుసటి యేడు అదే కొట్టంలో, అదే మార్గశిరంలో, ఆ కొత్తది కూడా దిగిపోతుంది. అలా పారేసిన బ్యాటరీల్లో కొన్నింటికి అసలు జబ్బే వుండదు. జబ్బు బండిలో వుంటుంది.

ఒకప్పుడు ఈ బెడద ఇంత వుండేది కాదు. చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర ఫ్యాక్టరీలు ఆడిన రోజుల్లో చలికాలమంతా చెరకు తోలకంతో ట్రాక్టర్లకు తీరిక వుండేది కాదు. రోజూ నడిచే బండికి బ్యాటరీ తనంతట తానే నిండుతుంది. ఆ ఫ్యాక్టరీలు మూతపడ్డాక బండ్లకు ఆటవిడుపు పెరిగింది. తిరుపతి పక్కనే కరకంబాడిలో 1985లో మొదలైన అమరరాజా సంస్థ 2000 సంవత్సరంలో అమరాన్ పేరుతో కార్ల బ్యాటరీలు తెచ్చి దేశమంతటా అమ్ముతున్నది. బ్యాటరీలు పుట్టే గడ్డమీద బ్యాటరీని కాపాడుకునే తీరు అందరికీ తెలియకపోవడం విచిత్రమే.

చెరువు ఎండిందా, తూము కారిందా?

బ్యాటరీని నీళ్లు నింపిన చెరువుతో పోల్చవచ్చు. నీరు తగ్గితే కారణం రెండే: చెరువులోనే నీరు ఇంకిపోతూ వుండాలి, లేదా తూము కారుతూ వుండాలి. ఏది నిజమో తేల్చుకోకుండా కొత్త చెరువు తవ్వించడం దండగ.

తేల్చుకునే పద్ధతి సులభమే. ముందు బ్యాటరీని చార్జింగు షాపులో పూర్తిగా ఎక్కించాలి. నాలుగైదు గంటలు ఊరికే వుంచి, మల్టీమీటరుతో ఓల్టులు చూసి గోడమీదనో కాగితంమీదనో రాసుకోవాలి. నిండుగా వున్న 12 ఓల్టుల బ్యాటరీ 12.6 లేదా 12.7 చూపుతుంది. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావువంతు మాత్రమే మిగిలివున్నట్టు. పేరుకు 12 ఓల్టులది గనుక 12 చూపితే బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. అప్పటికే అది అడుగంటిందని అర్థం.

తర్వాత మైనస్ తీగ విప్పేసి బ్యాటరీని అయిదు రోజులు అలాగే వదలాలి. అప్పుడు కూడా ఓల్టులు బాగా పడిపోతే లోపం బ్యాటరీదే. పడకపోతే తీగ తగిలించి, బండిని కదపకుండా మరో అయిదు రోజులు వుంచాలి. ఇప్పుడు పడిపోతే బ్యాటరీని అనవలసిన పని లేదు, తూమే కారుతున్నది.

మూతలు తెరుచుకునే బ్యాటరీ అయితే హైడ్రోమీటరు ఇంకా మంచి సాక్షి. బాగా చార్జి ఎక్కిన సెల్లులో ఆసిడ్ చిక్కదనం 1.240 నుంచి 1.260 దాకా వుంటుంది. ఆరు సెల్లుల్లో అయిదు ఒకటిగా చూపి, ఒక్కటి మాత్రం 0.050 తక్కువ చూపితే ఆ సెల్లు చచ్చినట్టే. ఆ బ్యాటరీకి ఎన్ని మార్లు చార్జింగు పెట్టినా డబ్బు దండగ. బాగా నిండిన బ్యాటరీ కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 ఓల్టుల కిందికి జారితే దాని ఆయుష్షు తీరిందనే చెప్పాలి.

కారే చోటు కనిపెట్టడం

బండి కరెంటు తాగుతున్నదని తేలాక ఎక్కడ తాగుతున్నదో వెతకాలి. తాళంచెవి తీసి, మైనస్ క్లాంపు విప్పి, ఆ క్లాంపుకూ బ్యాటరీ మైనస్ మొనకూ మధ్య 12 ఓల్టుల చిన్న బల్బు తగిలించాలి. పాత రకం ట్రాక్టరులో అన్నీ ఆపివున్నప్పుడు బల్బు వెలగకూడదు. మసకగా వెలిగినా ఎక్కడో దొంగ వున్నట్టే. అయితే సన్నటి కారుడుకు బల్బు వెలగదు. దానికి మల్టీమీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి, బల్బు వున్న చోటనే కలిపి చూడాలి. మీటరు అలా వుండగా సెల్ఫ్ కొట్టరాదు. కొడితే మీటరు మాడిపోతుంది.

ఇక ఫ్యూజులను ఒక్కొక్కటే పీకుతూ పోవాలి. ఏ ఫ్యూజు తీసినప్పుడు బల్బు ఆరుతుందో, మీటరు ముల్లు పడిపోతుందో, ఆ దారిలోనే లోపం. ఫ్యూజులన్నీ తీసినా ఆరకపోతే ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపిన వాటిని చూడాలి. మన ట్రాక్టర్లలో వీటికి కొదువ లేదు. జాతరకు ముందు పెట్టించిన పాటల పెట్టె, రంగురంగుల లైట్లు, గాలి హారను, అన్నీ తొందర పనిగా బ్యాటరీ మొనకే చుట్టేసి వుంటాయి. తాళంచెవి తీసినా వాటికి కరెంటు అందుతూనే వుంటుంది. పాటల పెట్టె నోరు మూసుకున్నంత మాత్రాన అది నిద్రపోయినట్టు కాదు.

అంతకన్నా మాయదారి లోపం ఆల్టర్నేటరులో వుంటుంది. అందులో డయోడులనే చిన్న భాగాలు కరెంటును బ్యాటరీ వైపు మాత్రమే పోనిచ్చే ఒంటిరెక్క తలుపుల్లాంటివి. వాటిలో ఒకటి చెడితే బండి నడిచేటప్పుడు ఎక్కిన కరెంటు, నిలిచినప్పుడు వెనక్కి కారిపోతుంది. కొత్త బ్యాటరీలను వరసబెట్టి మింగేది తరచుగా ఇదే. బ్యాటరీ తీగ విప్పి, ఆల్టర్నేటరుకు వచ్చే లావు తీగను తీసి దాని కొనకు ఏదీ తగలకుండా చుట్టి, మళ్లీ బల్బు పరీక్ష చేస్తే గుట్టు బయటపడుతుంది. డయోడు ప్లేటు మార్చడానికి అయ్యే ఖర్చు కొత్త బ్యాటరీ ఖర్చుకన్నా చాలా తక్కువ.

కొట్టంలో శెనక్కాయ మూటలు, కట్టె వుంటే ఎలుకలు రాక తప్పదు. అవి తీగల పైతొడుగు కొరికితే రాగి బయటపడి బాడీకి తగులుతుంది. బాయినెట్టు ఎత్తి తీగల కట్టను వేలితో తడిమి చూసుకోవడం మంచిది. బ్యాటరీ నెత్తిన పేరుకున్న దుమ్ము, ఆసిడ్ తడి కలిసినా ప్లస్ నుంచి మైనస్‌కు సన్నటి దారి ఏర్పడుతుంది. మూతలు గట్టిగా బిగించి, వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, మంచినీళ్లతో కడిగి ఆరబెడితే ఆ దారి తెగుతుంది. మొనలకు కాస్త వేసలిన్ పూస్తే పచ్చటి చిలుము పట్టదు.

కార్ల సంగతి వేరు

ఇప్పటి కార్లు తాళం వేసినా పూర్తిగా నిద్రపోవు. తాళం దూరంనుంచి తెరిచే పరికరం, గడియారం, లోపలి కంప్యూటర్లు కొద్దికొద్దిగా తాగుతూనే వుంటాయి. బండి ఆపిన అరగంటకో ముక్కాల్గంటకో ఈ వాడకం 50 మిల్లీ ఆంపియర్లకు మించకుండా తగ్గితే లోపం లేనట్టే. అది చిన్నదే అయినా రోజుకు 1.2 ఆంపియర్ గంటలు. 60 ఆంపియర్ గంటల బ్యాటరీ 25 రోజులకు సగమవుతుంది, 50 రోజులకు ఖాళీ. 2020 మార్చి 20న తిరుమల దర్శనాలు ఆపి జూన్‌లో తిరిగి మొదలుపెట్టేదాకా సుమారు 80 రోజులు గడిచాయి. ఈ లెక్కన అన్ని రోజులు కదలని టాక్సీ 96 ఆంపియర్ గంటలు తాగుతుంది. అంత దాచుకునే బ్యాటరీ మామూలు కారులో వుండదు. డిక్కీలో 5 వాట్ల బల్బు ఒక్కటి ఆరకుండా వుండిపోతే ఆరు రోజులే చాలు. బెంగళూరులోనో చెన్నైలోనో వుండే పిల్లలు ఊర్లో వదిలి వెళ్లిన కార్లు పండుగకు మొరాయించడానికి ఇదే కారణం.

చలిమీద నింద

'చలికి బ్యాటరీ చచ్చింది' అనే మాట మదనపల్లె వైపు ఎక్కువ. చలిలో ఇంజనాయిలు చిక్కబడి సెల్ఫ్ మోటారుకు బరువు పెరుగుతుంది, బ్యాటరీ శక్తి కొంత మందగిస్తుంది, నిజమే. కాని బ్యాటరీని చంపేది ఎండ. వేడి సుమారు పది డిగ్రీలు పెరిగితే అది తనలో తాను కరిగిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో తిరుపతి, రేణిగుంటల్లో నలభై డిగ్రీలు దాటే ఎండలో నీరు ఆవిరై, పలకలు బయటపడి తిన్న దెబ్బ చలికాలం తెల్లవారుజామున బయటపడుతుంది.

దిగిపోయిన బ్యాటరీని నెలల తరబడి అలాగే వదిలితే సీసం పలకలమీద తెల్లటి సల్ఫేటు గట్టిపడి, మళ్లీ చార్జి ఎక్కనివ్వదు. అందుకే బండి రెండు మూడు వారాలకు మించి ఆగేటట్టుంటే మైనస్ తీగ విప్పేయాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, తగిలించేటప్పుడు ప్లస్ ముందు. లేకుంటే స్పానరు బాడీకి తగిలి నిప్పులు రాలుతాయి. మాటిమాటికీ విప్పలేనివారు కటాఫ్ స్విచ్ పెట్టించుకోవచ్చు. నెలకో నెలన్నరకో ఒకసారి చార్జింగు పెట్టాలి. 75 ఆంపియర్ గంటల బ్యాటరీకి ఏడెనిమిది ఆంపియర్లు చాలు. చార్జింగులో హైడ్రోజన్ వాయువు వస్తుంది గనుక దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు.

రోజూ ఇంటిముందు అయిదు నిమిషాలు ఇంజను ఆడించి ఆపేయడం కొందరికి అలవాటు. సగం దిగిన బ్యాటరీ నిండడానికి గంటలు కావాలి. ఆ అయిదు నిమిషాలకు డీజిలు ఖర్చు తప్ప ఒరిగేది లేదు. నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, అదీ పలకలు మునిగి వేలి మందం పైకి నిలిచేంతవరకే. మన బోర్ల ఉప్పునీళ్లు పలకలకు విషం. చార్జి ఎక్కలేదని ఆసిడ్ పోయడం మరీ తప్పు. బ్యాటరీని నేలమీద పెడితే దిగుతుందని చెక్కముక్క వేయడం పాత రకం పెట్టెల నాటి మాట. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు ఆ భయం లేదు, చెక్క వేసినా నష్టం లేదు.

నిజంగానే చచ్చిన బ్యాటరీని పగలగొట్టి సీసం తీయడం, ఆసిడ్‌ను కాలువలో పారబోయడం అక్కడక్కడా కనిపిస్తున్నది. సీసం పొడి పిల్లల మెదడును దెబ్బతీస్తుంది, నేలలో చేరితే పోదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని దుకాణంలో అప్పగిస్తే దాని విలువ మేరకు బిల్లులో తగ్గిస్తారు.