మెతుకు పట్టి చూస్తే చాలునా? – వేరుశెనగ గింజల మాదిరి, అందులో వచ్చే తప్పు



అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దలంటారు. అన్నం మాటకు అది నిజమే. ఒకే కుండలో, ఒకే సెగకు ఉడికిన మెతుకులు గనుక ఒకదాని సంగతే అన్నిటి సంగతీ. శెనక్కాయ గింజల కుప్ప అలాంటిది కాదు. పెద్దమండ్యం ఎర్రనేలల్లో వానను నమ్ముకొని వేసిన చేను చూడండి. ఊడలు దిగేనాటికి మంచి పదును పడి, గింజ ముదిరేనాటికి వాన మొహం చాటేస్తే, ఒకే చెట్టుకు నిండు గింజా ఉంటుంది, నొక్కు గింజా ఉంటుంది. అన్నీ కలిసి ఒకే కుప్పలో చేరతాయి. ఆ కుప్పలో సన్నగింజ నూటికి ఎంత అన్నదాన్ని బట్టి ధర తెగేటప్పుడు, పిడికెడు తీసి చూసి చెప్పిన మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

వ్యాపారంలో గింజ సైజును ఔన్సుకు ఎన్ని అని చెప్పడం వాడుక. 50/60 అంటే ఔన్సుకు, అనగా సుమారు 28 గ్రాములకు, 50 నుంచి 60 గింజలు తూగుతాయన్నమాట. అంకె పెరిగేకొద్దీ గింజ సన్నం. నూరు గింజలు 40 గ్రాములు తూగే సరుకైతే ఔన్సుకు 70 వస్తాయి.

ఇప్పుడొక లెక్క వేద్దాం. బాగా కలిపిన కుప్పలోంచి 100 గింజలు తీశారు. జల్లెడ పడితే 30 కిందికి దిగినాయి. అయితే కుప్పంతటిలోనూ సన్నగింజ నూటికి 30 అనుకోవచ్చునా? సుమారుగా అనుకోవచ్చు. ఆ సుమారు ఎంతో చెప్పడానికి దారి ఉన్నది. దిగిన 30ని, నిలిచిన 70తో గుణించండి, 2100. దాన్ని ఎంచిన గింజల సంఖ్య 100తో భాగించండి, 21. దాని వర్గమూలం దాదాపు 4.6. దీన్నే ప్రామాణిక దోషం అంటారు. దీనికి రెట్టింపు, అంటే 9, అటూ ఇటూ వదలాలి. కుప్పలో అసలు సంగతి 21 నుంచి 39 దాకా ఎక్కడైనా ఉండవచ్చునని తేలింది. ఇలా ఇరవైసార్లు మాదిరి తీసి హద్దులు కడితే, పందొమ్మిదిసార్లు నిజం ఆ హద్దుల్లో ఉంటుంది.

చూశారా, పిడికెడు గింజల మీద పెట్టిన బేరం ఎంత వదులుగా ఉన్నదో! అదే 400 గింజలు తీస్తే అటూ ఇటూ 4.6కు తగ్గుతుంది. 1600 తీస్తే 2.3. గింజలు నాలుగింతలు చేస్తేగాని తప్పు సగం కాదు. 400 అంటే 160 గ్రాములు, 1600 అంటే 640 గ్రాములు. 1600 గింజలు కూర్చుని ఎంచడం ఎవరికైనా విసుగే. 400 దగ్గర ఆగమనే నేను చెబుతాను.

అయితే ఈ లెక్కంతా బాగా కలిపిన కుప్పకే చెల్లుతుంది. కలవని కుప్పకు ఈ లెక్క తప్పును తక్కువ చేసి చూపిస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉన్నది. గింజలను ఒకచోట పోస్తూ ఉంటే పెద్దవి వాలు మీద దొర్లి అంచుకు పోతాయి, సన్నవి నడిమధ్య నిలుస్తాయి. బస్తాను బండిలోనో లారీలోనో కుదిపితే సన్నవి సందుల్లోంచి కిందికి జారుతాయి, పెద్దవి పైకి తేలుతాయి. మూతి విప్పి పైన చూస్తే సరుకు బంగారం లాగుంటుంది. కుప్ప నడుమ చెయ్యి పెడితే అదే సరుకు చెత్తగా కనబడుతుంది. ఇందులో ఎవరి మోసమూ ఉండనక్కర లేదు. అలాంటి చోట ఒక్క మూలనుంచే 1600 గింజలు తీసినా ఆ మూల సంగతే తెలుస్తుంది.

కుప్ప కలిసిందో లేదో తెలుసుకునే ఉపాయం తేలిక. అయిదు బస్తాలనుంచి నూరేసి గింజలు విడివిడిగా తీసి జల్లెడ పట్టండి. మచ్చుకు 22, 35, 28, 41, 24 వచ్చినాయనుకుందాం. సగటు 30. సగటునుంచి తేడాలు 8, 5, 2, 11, 6. వాటి వర్గాలు కూడితే 250. మాదిరులు అయిదు గనుక ఒకటి తగ్గించి నాలుగుతో భాగిస్తే 62.5. వర్గమూలం దాదాపు 8. కలిసిన కుప్పకు ఇది 4.6 ఉండాలి. 8 వచ్చిందంటే బస్తాకూ బస్తాకూ నిజంగానే తేడా ఉన్నదని అనుమానించాలి. సగటుకు తప్పు తెలియాలంటే ఆ 8ని అయిదు వర్గమూలంతో, అంటే 2.24తో భాగించాలి. 3.5 వస్తుంది. అయిదే మాదిరులు గనుక రెట్టింపు చాలదు, ఇంచుమించు మూడింతలు వదలాలి. అటూ ఇటూ 10 అన్నమాట. 500 గింజలు ఎంచాం గనుక 4కు మించదని మొదటి లెక్క చెప్పేది. ఈ రెండు అంకెల మధ్య దూరమే కలపని కుప్ప మీకు చేసే నష్టం.

విస్తరణ కార్యకర్తలు ఈ రెండో లెక్కనే అలవాటు చేసుకోవడం మంచిది. ఒక్క పెద్ద మాదిరి కన్న పది చోట్ల తీసిన చిన్న మాదిరులు మేలు. వాటిని విడిగా ఎంచితే తప్పు ఎంతో కూడా అవే చెబుతాయి.

అన్నిటికన్న మంచి మాదిరి సరుకు కదిలేటప్పుడు దొరుకుతుంది. కాయ వలిచే మిషను నుంచి గింజ ధారగా పడుతుంటే, కొంతసేపటికొకసారి చేటను ధార ఈ అంచునుంచి ఆ అంచుదాకా ఒక్క ఊపున అడ్డంగా తిప్పి పట్టండి. ధార అంచునే పట్టకూడదు. కుప్పగా పడిపోయిన సరుకైతే పై, నడుమ, అడుగు మూడు చోట్లా తీసి, అదంతా పట్ట మీద గోపురంలా పోసి, పైన అదిమి చదును చేసి, నాలుగు పాళ్ళు చెయ్యండి. ఎదురెదురు రెండు పాళ్ళు ఉంచుకొని తక్కినవి తీసెయ్యండి. మళ్ళీ కలిపి, మళ్ళీ పంచండి. కావలసినంతకు దిగేదాకా ఇదే పని. పాలు తీసేటప్పుడు కింద మిగిలిన పొడీ నలుసూ ఆ పాలుతోనే పోవాలి, వదిలేస్తే సన్నగింజ లెక్క తగ్గిపోతుంది.

పియర్ జీ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1950ల నుంచి గనుల ఖనిజాల మీద పనిచేసి ఈ విషయానికొక శాస్త్రమే కట్టాడు. కుప్పలోని ప్రతి తునకకూ మాదిరిలోకి వచ్చే అవకాశం సమానంగా ఉండాలన్నది అందులో మొదటి నియమం. తునక అడ్డుకొలత రెట్టింపైతే బరువు ఎనిమిదింతలవుతుంది గనుక, అదే నమ్మకానికి మాదిరి కూడా ఎనిమిదింతల బరువు ఉండాలన్నది మరొకటి. అందుకే గింజలకు 160 గ్రాములు సరిపోయినా కాయలకు చాలవు, ఇంకా ఎక్కువ తియ్యాలి. మన గులక నేలల్లో మట్టి పరీక్షకు రాళ్ళ పాలు చూడాలన్నా ఇదే చిక్కు.

విత్తనానికి కొనేవారికీ ఇందులో డబ్బున్నది. 30 సెంటీమీటర్ల సాళ్ళలో 10 సెంటీమీటర్లకొక గింజ వేస్తే ఎకరాకు దాదాపు 1,35,000 గింజలు పడతాయి. నూరు గింజలు 40 గ్రాములైతే 54 కిలోలు, 35 గ్రాములైతే 47 కిలోలు. బస్తా పైనుంచి తీసిన పెద్ద గింజలను తూచి లెక్క కట్టినవాడు ఎకరాకు ఏడు కిలోలు ఎక్కువ కొంటాడు.

జల్లెడ విషయం ఒక్కమాట. తేమ ఉన్న గింజ జల్లెడకు పట్టుకుంటుంది, ఎక్కువసేపు ఊపితే సాగదీసిన గింజ నిలువుగా జారిపోతుంది. కనుక ఒకే మాదిరిని రెండుసార్లు జల్లించి చూడండి. ఆ రెండింటి మధ్య వచ్చే తేడా కుప్పది కాదు, జల్లెడదీ చేతిదీ. దాన్ని విడిగా రాసి పెట్టుకొంటే, బేరం దగ్గర ఏ తేడా ఎక్కడిదో విప్పి చెప్పవచ్చు.