పాల వ్యానుకు నాలుగు చక్రాల డ్రైవు: మార్పించే ముందు ఆలోచించండి

వానాకాలంలో నల్లరేగడి దారిలో వ్యాను దిగబడితే క్యాన్లలోని పాలు పులుస్తాయి. ఆ నష్టం సంఘానిదే. అందుచేత తమ పికప్ వ్యానును ఫోర్ వీల్ డ్రైవుగా మార్పించవచ్చునా అని కొన్ని సంఘాలవారు మమ్మల్ని అడుగుతున్నారు.

ఇట్టి వ్యాన్లలో సాధారణంగా ఇంజను బలం గేరుబాక్సు నుండి ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక చక్రాలకే అందుతుంది. ముందు చక్రాలకు కూడా అందాలంటే గేరుబాక్సు వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు, ముందువైపుకు మరో షాఫ్టు, డిఫరెన్షియల్ గల ముందు ఇరుసు అమర్చాలి. ముందు వెనుక క్రౌన్ పినియన్ల నిష్పత్తి ఒకటిగా ఉండాలి. లేనిచో గేర్లు ఒకదానినొకటి బిగబట్టి విరుగుతాయి. బండి బరువు పెరుగుతుంది కనుక స్ప్రింగులు, స్టీరింగు, బ్రేకులు కూడా సరిచూడవలసి ఉంటుంది.

ఖర్చు కన్నా ముఖ్యమైనది చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకు పేచీ రావచ్చు. అప్పుడు భారం సభ్యులపైనే పడుతుంది.

కాబట్టి ఉన్న వ్యానుకు అరగని టైర్లు వేయించండి. క్యాన్లను వెనుక ఇరుసుపై బరువు పడేలా పేర్చండి. పార, రెండు చెక్క పలకలు బండిలో ఉంచండి. దిగబడే చోట పంచాయతీతో మాట్లాడి గ్రావెల్ పోయించండి. దారి అప్పటికీ లొంగకపోతే, కొత్త బండి కొనేటప్పుడు కర్మాగారంలోనే నాలుగు చక్రాల డ్రైవుతో తయారైనదానిని పాలకవర్గ తీర్మానంతో కొనవలసిందిగా మనవి.