సెట్రిజిన్ పడటం లేదా? తుమ్ములు, చెమ్మ అలర్జీకి మిగిలిన దారులు ఇవీ

వానలు మొదలయ్యాక గోడలకు చెమ్మ దిగుతుంది. అలమరాలో బట్టలు ముక్క వాసన కొడతాయి. పొద్దున లేవగానే వరుసగా తుమ్ములు, ముక్కు నుంచి నీరు, కళ్ల దురద. మందుల షాపుకెళ్తే సాధారణంగా చేతిలో పెట్టేది సెట్రిజినే. చాలామందికి అది సరిపోతుంది. మరి అది వేసుకున్నాక మర్నాడు కూడా మత్తు వదలక, బైక్ నడపాలంటేనే భయమేస్తే? వేసుకున్నా తుమ్ములు ఆగకపోతే?

అప్పుడు కొందరు మందు మానేసి బాధ భరిస్తారు. ఇంకొందరు షాపులో ‘ఇంకాస్త స్ట్రాంగ్‌ది’ అడుగుతారు. ఈ రెండోది ఎక్కువ ప్రమాదం.

పడకపోవడంలోనూ తేడాలున్నాయి

మత్తే సమస్య అయితే మందు రకం మార్చొచ్చు. అవిల్, క్లోర్‌ఫెనిరమైన్ లాంటి పాతతరం మందులు బాగా నిద్ర తెప్పిస్తాయి. సెట్రిజిన్, లివోసెట్రిజిన్ వాటికంటే నయమే కానీ కొందరికి ఇవీ మత్తే. ఫెక్సోఫెనడిన్, లోరటడిన్, బిలాస్టిన్‌లతో ఆ ఇబ్బంది తక్కువ. ఫెక్సోఫెనడిన్‌ను పళ్లరసంతో వేసుకోకండి, సరిగా పనిచేయదు. మంచినీళ్లతోనే మింగాలి. గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవారు ఏది మార్చాలన్నా డాక్టర్‌ని అడిగే మార్చాలి.

సెట్రిజిన్ నెలల తరబడి రోజూ వాడి ఒక్కసారిగా మానేస్తే అరుదుగా ఒళ్లంతా తీవ్రమైన దురద రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 మే నెలలో హెచ్చరించింది. అలా దురద వస్తే అది కొత్త అలర్జీ అనుకొని కంగారు పడొద్దు. మానే పద్ధతి డాక్టర్‌ని అడగండి.

లివోసెట్రిజిన్‌తో మాంటెలుకాస్ట్ కలిపిన మాత్రలు మన దగ్గర విరివిగా రాస్తారు. మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో పీడకలలు, చిరాకు, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని ఎఫ్‌డీఏ 2020 మార్చిలో తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. ముక్కు అలర్జీకి మిగతా మందులు పనిచేయనప్పుడే దీన్ని వాడమంది. మాత్ర మొదలుపెట్టాక ఇంట్లో పిల్లల ప్రవర్తన మారితే ‘పరీక్షల టెన్షన్’ అని వదిలేయకుండా వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

బీపీ ఉన్నవారు జలుబు మాత్రల స్ట్రిప్ వెనక ఫెనిలెఫ్రిన్ అని ఉందేమో చూసుకోవాలి. అది బీపీ పెంచవచ్చు. ముక్కు దిబ్బడకు వేసుకునే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలనూ నాలుగైదు రోజులకు మించి వాడకూడదు. మించితే చుక్కల వల్లే ముక్కు మూసుకుపోతుంది. ఇక ‘ఒక్క ఇంజెక్షన్‌తో సీజనంతా బేఫికర్’ అంటూ వేసే స్టెరాయిడ్ సూది షుగర్ ఉన్నవారికి మరీ చేటు.

మాత్ర కాని మందులు

స్టెరాయిడ్ అన్న పేరు విని ముక్కు స్ప్రేలకు భయపడేవారు చాలామంది. ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ లాంటి స్ప్రేలు ముక్కు లోపలే పనిచేస్తాయి, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఎడతెగని ముక్కు అలర్జీకి మాత్రల కంటే ఇవే బాగా పనిచేస్తాయి. కానీ వీటితో పూర్తి గుణం కనిపించడానికి వారం, రెండు వారాలు పడుతుంది. రెండు రోజులు కొట్టి ‘పనిచేయలేదు’ అని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. స్ప్రే చేసేటప్పుడు తల కొంచెం ముందుకు వంచాలి. కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో పట్టుకుని, మధ్య గోడకు తగలకుండా పక్కకు కొట్టాలి. గట్టిగా పీల్చొద్దు, మందు గొంతులోకి జారుతుంది.

ఉప్పునీటితో ముక్కు కడగడం, అంటే మన జలనేతి, మందులు పడనివారికి చాలా అక్కరకొస్తుంది. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు సరిపోతుంది. నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవే అయి ఉండాలి. కుళాయి నీళ్లు, క్యాన్ నీళ్లు నేరుగా వాడొద్దు. నీటిలో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరితే ప్రాణం మీదకొస్తుంది. అరుదే అయినా ఆ సాహసం ఎందుకు?

గోడనా, గడ్డినా?

వారం రోజులు ఊరెళ్తే తుమ్ములు తగ్గి, ఇంటికి రాగానే మళ్లీ మొదలైతే ముందుగా మీ ఇంటినే అనుమానించాలి. ఇంట్లో బాగానే ఉండి, ఖాళీ ప్లాట్ల పక్కన నడిచినప్పుడు ఎక్కువైతే వయ్యారిభామ, సర్కారు తుమ్మ లాంటి మొక్కల పుప్పొడి కావచ్చు.

బూజు పట్టిన గోడకు పెయింట్ వేసినా ప్రయోజనం ఉండదు, చెమ్మ ఆగనంతకాలం మళ్లీ వస్తుంది. అద్దె ఇంట్లో ఇదే పెద్ద చిక్కు. రంగు వేయించడానికి ఒప్పుకునే ఓనర్ పైపు లీకేజీ దగ్గరకొచ్చేసరికి వాయిదా వేస్తాడు. పడగ్గది మంచాన్ని, బట్టల అలమరాను ఆ గోడకు దూరంగా జరపడం ఈలోగా మీ చేతిలో ఉన్న పని. గదిలో తేమ 50 శాతం లోపు ఉంటే బూజు పెరగడం తగ్గుతుంది. తడిసిన పరుపు, కార్పెట్ లాంటివి 48 గంటల్లోపు ఆరబెట్టాలి. టైల్స్‌పై బూజును సబ్బు నీళ్లతో రుద్దితే పోతుంది. ఆ పని అలర్జీ ఉన్నవారు కాకుండా మరొకరు, మాస్క్ పెట్టుకుని చేయాలి. బ్లీచింగ్‌ను బాత్‌రూమ్ యాసిడ్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది. హైదరాబాద్‌లో డ్రైనేజీ పొంగి గోడ నానుతుంటే జలమండలి నంబరు 155313కు ఫిర్యాదు చేయొచ్చు.

సర్కారు దవాఖానాలో ఎక్కడికి?

మొదట దగ్గర్లోని బస్తీ దవాఖానా, ఏపీలో అయితే పట్టణ ఆరోగ్య కేంద్రం. ఈ-సంజీవనిలో ఫోన్‌లోనే ఉచితంగా డాక్టర్‌తో మాట్లాడొచ్చు. తగ్గకపోతే హైదరాబాద్ కోఠి, విశాఖపట్నంలలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులు ఉన్నాయి. పిల్లికూతలు, ఛాతీ బిగింపు కూడా ఉంటే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి. మృగశిర కార్తె నాడు చేప ప్రసాదం తీసుకునేవారు కూడా ఇన్హేలర్ మాత్రం ఆపకండి. మాట్లాడలేనంత ఆయాసం వస్తే ఓపీ దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

ల్యాబుల్లో వందల అలర్జీలకు ఒకేసారి చేసే ప్యాకేజీ రక్తపరీక్షలకు సొంతంగా డబ్బు పోయకండి. అందులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ పదార్థమే మీ జబ్బుకు కారణమని కాదు. డాక్టర్ చర్మపరీక్ష రాస్తే, దానికి కొన్ని రోజుల ముందే అలర్జీ మాత్రలు ఆపాలి. ఎన్ని రోజులన్నది ముందే అడగండి. కారణం కచ్చితంగా తేలితే ఇమ్యునోథెరపీ ఒక మార్గం. అయితే అది 3 నుంచి 5 ఏళ్లు సాగుతుంది.

జెనరిక్ మందుల కోసం జన్ ఔషధి కేంద్రానికి వెళ్లేముందు ‘జన్ ఔషధి సుగమ్’ యాప్‌లో మందు పేరు, ధర చూసుకోవచ్చు.

మందు పడకపోతే ఫిర్యాదు చేసే వ్యవస్థ ఒకటుందని చాలామందికి తెలియదు. కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. పనిదినాల్లో ఫోన్ చేసి ఏ మందు వాడారు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఏం జరిగింది అన్నది రోగే స్వయంగా చెప్పొచ్చు. రోగుల కోసం తెలుగు ఫారం కూడా ఉంది. ఫోన్ చేసేదాకా మందు స్ట్రిప్ పారేయకండి, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది.