తెలుగు ఫాంట్స్: స్లైడ్‌లో 1.5 కాస్తా 15లా కనిపిస్తే..? పీపీటీ చేసేముందు ఇది చూడండి

పీపీటీ రెడీ.. ప్రొజెక్టర్ ఆన్.. తీరా చూస్తే వెనక బెంచీ వాళ్లకు ఒక్క ముక్క కనబడదు. కాలేజీ సెమినార్ అయితే నాలుగు మార్కులు పోతాయి, అంతే. అదే నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ మీద ఊళ్లో అవగాహన సదస్సు అయితే?

బీఐఎస్ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు. వేరే నీళ్లు దొరకని చోట గరిష్ఠంగా 1.5 వరకు ఓకే. సన్నటి ఫాంట్‌లో ఆ చుక్క మాయమైతే 1.5 కాస్తా 15 అవుతుంది. అప్పుడు తన బోరు రిపోర్టులో 4 వచ్చిన రైతు కూడా మనకేం కాదులే అనుకుంటాడు!

తెలుగుతో చిక్కేంటంటే.. చాలా అక్షరాలకు తేడా చిన్న గీతలోనో, చుక్కలోనో ఉంటుంది. ద, ధ, థ పక్కపక్కన టైప్ చేసి సైజు తగ్గించండి, మూడూ ఒకేలా అనిపిస్తాయి. అలాగని మొత్తం బోల్డ్ చేసినా లాభం లేదు, అక్షరం లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి లైన్ స్పేసింగ్ కనీసం 1.3 పెట్టుకోవాలి.

ఫాంట్‌ని టెస్ట్ చేయాలంటే మన జిల్లాల పేర్లే చాలు. ‘నల్లగొండ’లో ల వత్తు స్పష్టంగా ఉందా? ‘మహబూబ్‌నగర్’ సరిగ్గా పడిందా, లేక ‘మహబూబ్నగర్’ అయి బ కింద న వత్తు వచ్చి చేరిందా? ఇది ఫాంట్ తప్పు కాదు. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టాలి. తెలియకపోతే ‘మహబూబ్ నగర్’ అని విడగొట్టి రాసేయండి.

మరి ఏ ఫాంట్ వాడాలి? మ్యాటర్‌కు నోటో సాన్స్ తెలుగు లేదా విండోస్‌లోనే ఉండే నిర్మలా యూఐ బెటర్. పాత గౌతమి ప్రొజెక్టర్ మీద సన్నగా తేలిపోతుంది. హెడింగ్‌కు రామభద్ర, సురవరం ట్రై చేయొచ్చు. అన్నట్టు ఈ ‘సురవరం’ మన పాలమూరు బిడ్డ, గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద వచ్చిందే. కానీ పేరా మొత్తం అందులో కొట్టొద్దు, కళ్లు లాగుతాయి.

డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌తో చేయించారా? ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలే వస్తాయి. యూనికోడ్‌లో చేయించుకోండి. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఫాంట్లు ఎంబెడ్ చేసే టిక్ పెట్టండి. ఎందుకైనా మంచిది, పీడీఎఫ్ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. హాల్లో లైట్లు ఆర్పకుండానే ఒకసారి చివరి బెంచీలో కూర్చుని ఆ 1.5 చదవండి.