తాతల ఊరికి దారెటు?

ముసలమ్మ కన్నుమూస్తూ మనమలిద్దరికీ కొంత సొమ్ము విడిచిపెట్టింది. ఆ సొమ్ముతో ఇల్లు కొనుక్కోమనలేదు, వ్యాపారం పెట్టుకోమనలేదు. తాను పుట్టి పెరిగిన పోలండు దేశానికి పోయి, తన ఇల్లు ఒక్కమారు కళ్లారా చూచి రమ్మన్నది. మనమలు అమెరికాలో పుట్టినవాళ్లు. వాళ్లకు పోలిష్ భాష రాదు. ఆ ఇంట్లో ఇప్పుడెవరున్నారో తెలియదు. అయినా విమానమెక్కారు.

2024లో వచ్చిన 'ఎ రియల్ పెయిన్' అనే చిత్రం ఇలా మొదలవుతుంది. పేరులోనే శ్లేష ఉన్నది. నిజమైన బాధ అని ఒక అర్థం. పక్కవాళ్లను వేపుకు తినే మనిషి అని ఇంకొక అర్థం. రచన, దర్శకత్వం, ఒక ముఖ్య పాత్ర, మూడూ జెస్సీ ఐజెన్‌బర్గ్‌వే. తొంభై నిమిషాల బొమ్మ. అందులో సగంసేపు నవ్విస్తుంది. నవ్వుతున్నందుకు మనకే కాస్త సిగ్గు వేస్తుంది. ఆ సిగ్గును కూడా దర్శకుడు ముందే లెక్కలో వేసుకున్నాడని తర్వాత అర్థమవుతుంది.

యూదుల మీద హిట్లరు జరిపించిన సంహారం గురించి వేరే చెప్పనక్కరలేదు. అరవై లక్షల మంది. యుద్ధానికి ముందు ఒక్క పోలండులోనే ముప్ఫై మూడు లక్షల మంది యూదులుండేవారు. వారిలో ముప్ఫై లక్షల మంది హతులయ్యారు. ఇటువంటి విషయాన్ని హాస్యంతో తాకవచ్చునా అన్నది పాత ప్రశ్నే. మన ఆలంకారికులు ససేమిరా అనేవారు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఏ రసానికి ఏ రసం పగో చెబుతూ, హాస్యానికి భయానకాన్నీ, కరుణనూ శత్రువులుగా చూపించాడు. చార్లీ చాప్లిన్ 1940లో హిట్లరును వెక్కిరిస్తూ 'ది గ్రేట్ డిక్టేటర్' తీశాడు. ఆ శిబిరాలలో జరిగిన ఘోరాలు ఆనాడే తెలిసి ఉంటే ఆ చిత్రం తీయగలిగేవాడిని కానని 1964లో వెలువడిన తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. 1997లో ఇటలీ నటుడు బెనీనీ 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్' తీసి శిబిరం లోపలే నవ్వు పండించబోతే, చప్పట్లు కొట్టినవాళ్లున్నారు, మండిపడ్డవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు చెప్పబోయే చిత్రాల పద్ధతి వేరు. ఇవి ఆ కాలంలోకి అడుగు పెట్టవు. సైనికుల బూట్లు, ముళ్లకంచెల వెనుక బక్కచిక్కిన మనుష్యులు, ఇవేవీ చూపించవు. చచ్చినవారి మనమలూ, బ్రతికి బయటపడ్డవారి బిడ్డలూ సూట్‌కేసులు పట్టుకొని, హోటళ్లలో గదులు తీసుకొని, తాతల ఊరు వెతుక్కుంటూ పోతారు. నవ్వు పుట్టేది వాళ్ల మీద. ఆ తాతల మీద కాదు. ఈ ఒక్క గీత గీసుకోవడంతో పాత చిక్కు చాలావరకు విడిపోయింది.

మనమలిద్దరూ వరసకు అన్నదమ్ములు. డేవిడ్ ఒద్దికైనవాడు. ఉద్యోగం, భార్య, బిడ్డ, వేళకు మందు, అన్నీ సక్రమం. బెంజీ అంటే ఒక ప్రభంజనం. పని లేదు, పాటు లేదు. కాని ఎక్కడ అడుగుపెడితే అక్కడ పదిమందీ వాడి చుట్టూ చేరతారు. ఇటువంటి జంట ప్రతి బలగంలోనూ ఉంటుంది. పెళ్లిళ్లలో బంధువులంతా ఎవరిని చూచి ముఖం వికసింపజేసుకుంటారో, తెల్లవారి ఎవరిని గురించి చాటుగా నిట్టూరుస్తారో జ్ఞాపకం చేసుకోండి, బెంజీ మీకు తెలిసిపోతాడు. ఈ పాత్రకే కీరన్ కల్కిన్‌కు 2025లో ఉత్తమ సహాయ నటుడుగా ఆస్కారు బహుమానం వచ్చింది.

వీళ్లు చేరింది ఒక యాత్రికుల బృందంలో. మార్గదర్శి ఇంగ్లీషువాడు, యూదుడు కాడు, మంచి చదువరి; ప్రతి రాయికీ ఒక సంవత్సరం, ప్రతి గోడకూ ఒక అంకె చెబుతాడు. (మా వృత్తిలోని వాళ్లను చూస్తున్నట్టే ఉంటుంది.) వార్సాలో 1944 తిరుగుబాటు స్మారక విగ్రహాల దగ్గర బెంజీ తానూ ఒక సైనికుడిలా నిలబడి ఫోటో తీయమంటాడు. డేవిడ్‌కు ప్రాణం చచ్చిపోతుంది, అపచారమేమోనని. చూస్తూండగానే తక్కిన యాత్రికులంతా పోయి విగ్రహాలతో కలిసి యుద్ధం చేస్తారు. చివరికి అందరి ఫోన్లూ చేతబట్టుకొని ఫోటోలు తీస్తూ మిగిలిపోయేవాడు డేవిడే.

తర్వాత రైలు. మొదటి తరగతి పెట్టె, మెత్తని కుర్చీలు, భోజనం. బెంజీకి ఉన్నట్టుండి ముద్ద దిగదు. ఈ నేల మీద, ఈ పట్టాల మీద యూదులను పశువుల్లా కుక్కి తీసుకుపోయారు కదా, మనమిట్లా సుఖంగా కూర్చోవడమేమిటని లేచి వెనక పెట్టెలోకి పోతాడు. బృందానికి ఇబ్బంది, తమ్ముడికి తలవంపు. కాని వాడన్నదాంట్లో తప్పేమిటో ఎవరూ చెప్పలేరు. లుబ్లిన్‌లోని పాత శ్మశానంలోనూ ఇంతే. మార్గదర్శి సమాధుల వయస్సు చెబుతూంటే, ఈ అంకెలు చాలించి ఇక్కడ పడుకున్నవాళ్లు కూడా మనుష్యులేనని తలుచుకోనివ్వమంటాడు. ఆ మాట చెప్పిన తీరు మహా మోటు. అయినా ఆ మార్గదర్శి చివరన వీడ్కోలు చెబుతూ, ఇన్నేళ్లలో తనకు పనికివచ్చే సలహా ఇచ్చినవాడివి నువ్వొక్కడివేనని బెంజీకి కృతజ్ఞత చెప్పుకుంటాడు.

అక్కడినుంచి మైదానెక్. ఇది లుబ్లిన్ నగరానికి ఆనుకొనే ఉన్నది. అక్కడ సుమారు 78 వేల మంది మరణించారనీ, అందులో 59 వేల మంది యూదులనీ పరిశోధకులు నిర్ణయించారు. 1944 జూలైలో రష్యా సైన్యం అంత త్వరగా వచ్చిపడడంవల్ల జర్మనులకు చాలాభాగం రూపుమాపే వ్యవధి లేకపోయింది. అందుకే కొట్టాలు, గ్యాసు గదులు, చెప్పుల రాశులు ఇంకా అలాగే ఉన్నవి. చిత్రమంతటా షోపాన్ పియానో వినిపిస్తూ ఉంటుంది. ఇక్కడ మాత్రం ఆగిపోతుంది. సంగీతం లేదు, సంభాషణ దాదాపు లేదు. మనుష్యులు గదిలోకి పోతారు, చూస్తారు, బయటికి వస్తారు. కన్నీటి కోసం దర్శకుడు ఒక్క ఉపాయం కూడా పన్నలేదు. చిత్రీకరణ జరిగింది నిజమైన మైదానెక్‌లోనే. ఆనాటి వేషాలు వేయించకుండా, నేడు మ్యూజియంగా ఎట్లా ఉన్నదో అట్లాగే చూపించారు.

ఇంతా చేసి అవ్వ ఇల్లు ఎలా ఉంటుంది? క్రాస్నిస్తావ్ అనే చిన్న ఊళ్లో మామూలు ఇల్లు. ఏ విశేషమూ లేదు. (ఐజెన్‌బర్గ్ పూర్వీకులు కాపురమున్న ఇల్లే ఇది.) యూదులకు సమాధి మీద పువ్వులకు బదులు రాయి ఉంచడం ఆచారం. అన్నదమ్ములు రెండు రాళ్లు ఏరి గుమ్మం ముందు పెడతారు. ఎదురింటి ఆయన చూచి కేకేస్తాడు. ఆ ఇంట్లో పెద్దావిడ ఉంటున్నది, తట్టుకొని పడిపోతుంది, తీసేయండి అని. ఆయన మాటా న్యాయమే. నోరు మూసుకొని రాళ్లు జేబులో వేసుకొని వెనుదిరుగుతారు. ఈ రంగం చూచి నవ్వాలో ఏడవాలో తెలియదు. నా మట్టుకు, గత పాతికేళ్లలో ఈ విషయంపై వచ్చిన చిత్రాలలో ఇంతకన్న నిజమైన ఘట్టం చూడలేదు.

అదే సంవత్సరం 'ట్రెజర్' వచ్చింది. జర్మన్ దర్శకురాలు జూలియా ఫన్ హైన్ట్స్ తీసింది. లిలీ బ్రెట్ నవల ఆధారం. ఆమె తల్లిదండ్రులు వుచ్ నగరపు గెట్టోనూ, ఆష్విట్జ్‌నూ దాటి బ్రతికినవారు. కథ 1991లో జరుగుతుంది. న్యూయార్కు పత్రికా రచయిత్రి రూత్ తన తండ్రి ఎడెక్‌ను వెంటబెట్టుకొని పోలండు వస్తుంది. కూతురికి అన్నీ తెలుసుకోవాలని పట్టుదల. తండ్రికి ఏదీ తలుచుకోకూడదని పట్టుదల. ఆయన రైలెక్కనంటాడు, టాక్సీ మాట్లాడతాడు. ఎందుకెక్కడో ఆయన చెప్పడు, మనం అడగనక్కరలేదు. కనబడ్డవారందరితో కబుర్లు, కనబడ్డ ప్రతి పదార్థం మీదా ఆసక్తి. స్టీఫెన్ ఫ్రై ఈ పాత్రను ఎంత ఆప్యాయంగా పోషించాడో, కూతురి పాత్ర అంత ఏకధాటి విసుగుగా సాగింది. చిత్రం అక్కడక్కడ చతికిలబడుతుంది కూడా.

కాని ఒక ఘట్టం ఉన్నది. వుచ్‌లో తండ్రి పాత ఇంటి తలుపు తడతారు. అక్కడ ఉంటున్నవాళ్లు, మేం వచ్చేసరికి ఇంట్లో ఏమీ లేదంటారు. అంటూనే టీ ఇస్తారు. ఆ టీ పోసిన పింగాణీ కప్పులు ఎడెక్ తల్లివి! ఆయన మాట్లాడకుండా తాగి వచ్చేస్తాడు. కూతురు ఊరుకోదు. మర్నాడు దుబాసీని వెంటబెట్టుకొని పోయి, తన నాయనమ్మ కప్పులను, తన తాత కోటును డాలర్లు పోసి బేరమాడి కొంటుంది. బేరమాడుతున్న ఆ గృహస్థులు రాక్షసులేమీ కారు, బీదరికంలో ఉన్నవాళ్లు. అందుకే ఆ బేరం చూడడం కష్టంగా ఉంటుంది.

వీటికి దారి తీసినది 2005లో వచ్చిన 'ఎవ్రీథింగ్ ఈజ్ ఇల్యూమినేటెడ్'. జోనథన్ సాఫ్రాన్ ఫోయర్ అనే కుర్రవాడు కళాశాల చదువు రోజుల్లో, తన తాతను కాపాడిన స్త్రీ కోసం ఉక్రెయిన్ వెళ్లాడు. ఏమీ దొరకలేదు. దొరకనిదంతా ఊహించి 2002లో నవల వెలువరించాడు. నటుడు లీవ్ ష్రైబర్ దాన్ని తెరకెక్కించాడు. అమెరికా యాత్రికుడు, కళ్లు కనబడవని చెప్పుకుంటూ కారు నడిపే తాత, ఒక వెర్రి కుక్క, దుబాసీగా మనుమడు అలెక్స్. ఈ అలెక్స్ ఇంగ్లీషు వినితీరాలి. నిఘంటువు ముందేసుకొని ప్రతి చిన్నమాటకూ పెద్దమాట వెతికి వాడే మనిషి! మాంసం తినని జోనథన్‌కు హోటల్లో ఒకే ఒక ఉడికిన బంగాళాదుంప తెచ్చి పెట్టే రంగం చూచి పిల్లలు కూడా నవ్వుతారు.

వాళ్లు వెతికే త్రోఖిమ్‌బ్రోద్ కల్పన కాదు. అయిదు వేల దాకా యూదులు నివసించిన ఆ ఊరిని 1942లో నాజీలు తుడిచిపెట్టారు, నేడక్కడ పొలాలే. చిత్రంలో పొద్దుతిరుగుడు పూల నడుమ ఒక ఇంట్లో వృద్ధురాలు ఊరివాళ్ల వస్తువులన్నీ పెట్టెలలో దాచి ఉంచుతుంది. యుద్ధం అయిపోయిందా అని అడుగుతుంది. అంతటితో నవ్వు ఆగిపోతుంది.

ఇక్కడ నాకొక ఫిర్యాదు ఉన్నది. నవలలో అలెక్స్ తాత యూదుడు కాడు. నాజీల తుపాకి ఎదుట, తనవాళ్ల ప్రాణం కోసం, ఆప్తమిత్రుణ్ణి యూదుడని వేలెత్తి చూపినవాడు. చిత్రంలో ఆయననే బ్రతికి బయటపడ్డ యూదుడిగా మార్చారు. కన్నీళ్లకు అది సులువు. కాని వెతుక్కుంటూ పోయినవారికి తాతల మంచే కాదు, తాతలు దాచిన పాపం కూడా దొరకవచ్చునన్న చేదునిజం అక్కడ జారిపోయింది. మొత్తం చిత్రం మరీ అందంగా ఉన్నది కూడా.

తెర సంగతి అలా ఉంచి, నిజంగా వెతుకుతున్నవాళ్లు వేలాది మంది ఉన్నారు. జెరూసలేంలో 1953లో నెలకొల్పిన యాద్ వషేమ్ సంస్థ, హతుల పేర్లు ఒక్కొక్కటే చేరుస్తూ, సుమారు యాభై లక్షల పేర్లు కూర్చింది. జర్మనీలోని ఆరోల్‌సెన్ పట్టణంలో భద్రపరచిన నాజీ దస్తావేజులను 2007లో పరిశోధకులకు తెరిచారు. లుబ్లిన్‌లో, ఒకనాటి యూదుల పేటకు ద్వారమైన గ్రొద్‌స్కా గేటులో, యుద్ధానికి ముందు ఆ నగరంలో ఉన్న 43 వేల మంది యూదులకు మనిషికొక ఫైలు చొప్పున అరలలో పెట్టారు. చాలా ఫైళ్లలో కాగితమే లేదు. ఎవరైనా మనుమడో, మనుమరాలో ఏ ఫోటోయో పట్టుకొని వస్తే అందులో పెడతారు.

డేవిడ్ తన రాయిని న్యూయార్కు దాకా తెచ్చుకొని సొంత ఇంటి గుమ్మం పక్కన పెట్టి, తలుపు తీసుకొని లోపలికి పోతాడు. బెంజీ మాత్రం విమానాశ్రయం విడిచి రాడు. వచ్చేపోయే జనాన్ని చూస్తూ అక్కడే ఒక కుర్చీలో కూర్చుండిపోతాడు.