వంత పాడటం తక్కువ పనా?

ఎదుటివాడు ఏమన్నా తలూపేవాణ్ని ‘వంత పాడుతున్నాడు’ అని ఎగతాళి చేస్తాం. తెల్లవారేదాకా కూర్చుని ఒగ్గుకథ విన్నవారు మాత్రం ఆ మాటను అంత తేలిగ్గా అనరు. మన హాస్టల్ మిత్రుల్లో చాలామంది ఊళ్లల్లో బీరప్ప కథో, మల్లన్న కథో విన్నవాళ్లే కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకం వంటి చిన్న వాద్యం. కురుమ, గొల్ల కులాల ఒగ్గు పూజారులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెబుతారు. బయటికి వచ్చేది ప్రధాన కథకుడి పేరే. ఉమ్మడి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు గారి పేరు మనవైపు విననివారు అరుదు (సినారె గారిదీ అదే ఊరు!). ఆయన 2010లో కన్నుమూశారు. ఆయన వెంట నిలబడి డోలు కొట్టినవారి పేర్లు మనలో ఎందరికి తెలుసు?

వంతగాడు ఏం చేస్తాడో గమనించండి. కథకుడు చరణం వదిలిన చోట అందుకుంటాడు. ఆ కాసేపట్లోనే కథకుడు ఊపిరి పీల్చుకుని తర్వాతి మాట తలచుకుంటాడు. ‘ఆహా, అప్పుడేమైంది?’ అని అడిగేదీ అతడే. కథలో అమ్మ వస్తే అమ్మవుతాడు, కొడుకు వస్తే కొడుకవుతాడు. జనం కునుకు తీస్తుంటే హాస్యం చెప్పి లేపుతాడు. డోలు వాయించేవాడి చూపు కథకుడి కాళ్ల మీదే ఉంటుంది. అడుగు వేగం పెరిగితే దెబ్బ వేగం పెరగాలి, ఏడుపు ఘట్టంలో చప్పుడు తగ్గాలి. కథ మొత్తం నోటికి రానివాడు వంత పాడలేడు.

పడమటి దేశాల్లోనూ ఇంతే. ఒపెరా అనే పాటల నాటకానికి పెద్ద వాద్యబృందం చివరి రోజుల్లోనే వస్తుంది. అంతకుముందు వారాల తరబడి సాధన అంతా ఒక్క పియానో మీదే. ఆ పియానిస్టు గాయకుల తప్పులు దిద్దుతాడు, తెర లేచాక మాత్రం కనిపించడు. జెరాల్డ్ మూర్ (1899–1987) అనే ఇంగ్లీషు పియానిస్టు జీవితమంతా గాయకుల పక్కన వాయించి పేరు పొందాడు. 1962లో అచ్చయిన తన ఆత్మకథకు పెట్టుకున్న పేరుకు అర్థం ‘నా చప్పుడు ఎక్కువైందా?’ అని. మన డోలు కళాకారుడు రోజూ వేసుకునే ప్రశ్నే అది.

ఆదిలాబాద్ గోండు గూడేలలో మాత్రం లెక్క వేరు. అక్కడ పర్ధానులు కమానుతో కిక్రి మోగిస్తూ గోండుల వంశగాథలు చెబుతారు. పెర్సాపేన్ పూజలో వారి వాద్యం ఉండి తీరాలి. పక్కవాద్యం అన్న చిన్నచూపు అక్కడ చెల్లదు.

ఇక బతుకుదెరువు మాట. కొమురవెల్లి జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగుతుంది. ఆ నెలల్లో చేతినిండా పని, వానాకాలంలో కూలీకే పోవాలి. చదువుకున్న తమ్ముళ్లు డోలు వదిలేస్తే తప్పు పట్టలేం. అయినా దారులు లేకపోలేదు. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. రాష్ట్రం వచ్చాక ఏర్పడిన తెలంగాణ సాంస్కృతిక సారథిలో వందల మంది కళాకారులకు నెలజీతం మీద పని దొరికింది. డిగ్రీ చదువుతూ డోలు నేర్చినవాడికి రెండూ పనికొస్తాయి.

ఈసారి వార్షికోత్సవం కరపత్రంలో పాడినవారి పేరు పక్కనే వాయించినవారి పేరు కూడా అచ్చు వేయించాలని కమిటీ వారిని కోరుతున్నాను.