ట్యాపెట్ శబ్దం: పాత సీఎన్‌జీ బండి టకటక తగ్గిపోతే ఎందుకు జాగ్రత్తపడాలి?

సూరత్‌లోని లింబాయత్‌లో తెలంగాణ నుంచి వలస వచ్చిన చేనేత కుటుంబాలు ఎక్కువ. అక్కడ మరమగ్గాల చప్పుడుతో పాటు పాత ఆటోలు, వ్యాన్ల టకటక కూడా మామూలే. బండి మీదే బతుకు నడిచే ఇంట్లో ఆ శబ్దానికి అర్థం తెలియకపోతే నష్టం తప్పదు.

ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంజిన్‌లోకి గాలి, ఇంధనం రావడానికి, పొగ పోవడానికి వాల్వులు ఉంటాయి. వాటిని నొక్కి తెరిచే భాగాలనే మెకానిక్‌లు ట్యాపెట్లు అంటారు. వేడికి వాల్వు కాడ సాగుతుంది. అందుకే ట్యాపెట్‌కు, వాల్వుకు మధ్య చిన్న సందు వదులుతారు. చాలా ఇంజిన్లలో ఇది 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్లు. అరుగుదల వల్ల సందు పెరిగితే లోహం లోహాన్ని కొడుతుంది. అదే టకటక.

కొన్ని ఇంజిన్లలో ఈ సందును ఆయిల్ ఒత్తిడితో సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి. ఉదయం స్టార్ట్ చేశాక కొన్ని సెకన్లు చప్పుడు చేసి ఆగితే, జారిపోయిన ఆయిల్ మళ్లీ నిండినట్టే. ఆగకపోతే ముందుగా ఆయిల్ మట్టం చూడాలి.

నిశ్శబ్దంతో ముప్పేంటి?

వాల్వు మూసుకున్నప్పుడు ఆనుకునే చోటును సీటు అంటారు. ఒకప్పుడు పెట్రోల్‌లోని సీసం సీటు అరగకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. సీఎన్‌జీ అయితే పూర్తిగా పొడి ఇంధనం. పెట్రోల్ కోసం చేసిన పాత ఇంజిన్‌లో దీనివల్ల సీటు త్వరగా అరుగుతుంది. వాల్వు లోపలికి దిగుతుంది. దాంతో సందు పెరగదు, తగ్గుతుంది. శబ్దమూ తగ్గుతుంది. బండి బాగుపడిందని యజమాని అనుకుంటారు.

సందు పూర్తిగా పోతే వాల్వు గట్టిగా మూసుకోదు. వాల్వు తన వేడిని సీటుకు ఇచ్చే చల్లబడుతుంది. ఆ అవకాశం లేక, మండే వాయువులు పక్కనుంచి లీకవుతూ అంచు కాలిపోతుంది. పికప్ పడిపోతుంది, స్టార్టింగ్ కష్టమవుతుంది.

ఏం చేయాలి?

శబ్దం వచ్చేదాకా ఆగకుండా, కంపెనీ మాన్యువల్ చెప్పిన గడువుకు ట్యాపెట్ సెట్టింగ్ చూపించాలి. చప్పుడు వినపడకూడదని సందు మరీ బిగించమనకూడదు. ఇంజిన్ కింది భాగం నుంచి లోతైన శబ్దం వచ్చి, బరువు లాగేటప్పుడు పెరిగితే అది ట్యాపెట్ కాకపోవచ్చు. బేరింగ్ పోయి ఉండొచ్చు. వెంటనే ఇంజిన్ ఆపాలి.

ఫీలర్ గేజ్‌తో సందు సరిచేయడం చిన్న పనే. వాల్వు కాలితే మాత్రం హెడ్ విప్పాలి. అన్ని రోజులూ బండి షెడ్డులోనే, సంపాదన సున్నా.